వాయుగురుత్వ విచారము

మన పాఠశాలలలోఁ దర్కసంగ్రహము చదువుకొన్న బాలుఁడు గురుత్వము పృథివీజలములయందు మాత్రమే యుండు గుణమని నేర్చుకొనును. ఆ బాలుఁడే మఱుసటి గంటలో భౌతికశాస్త్రపాఠమునకుఁ బోయి, గాలికి బరువు కలదనియు, ఆ బరువు చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో చొప్పున మన యొడలిమీఁద మోపియున్నదనియు వినును. రెండింటిని గంఠస్థము చేసి, రెండుచోట్లను దగినట్లు వ్రాసి యుత్తీర్ణుఁడగును. ఈ రెండు వాక్యములకును గల విరోధమును గూర్చి మాత్ర మెవ్వరును వానికిఁ జెప్పరు. చెప్పవలసివచ్చినప్పుడు మన పండితులు రెండు పక్షములుగాఁ జీలుచున్నారు. తర్కము నింక నటకమీఁదఁ బెట్టవలసినదేయని యొకరు. నవీనులు చెప్పినదెల్ల మన గ్రంథములయందుఁ గలదే, సప్తవాయువులే నేఁటి వాతావరణపుఁ బొరలని మఱియొకరు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. వాయువునకు బరువు కలదను సంగతి యెవరిచేత, ఏ హేతువులచే స్థాపితమైనదో తెలిసికొన్నచో, మన ప్రాచీనులు దానిని గాదనుటకుఁ గారణముకూడఁ దానంతట బోధపడును. అందుచే నా చరిత్రనే యిక్కడ వ్రాయుచున్నాను.

ముందుగా వైశేషికుల మాట. వారి మతమున వాయువు రూపము లేనిది, స్పర్శ గలది. స్పర్శ మొదలుకొని వేగమువఱకు తొమ్మిది గుణములు దానికిఁ జెప్పఁబడినవి. వానిలో గురుత్వము లేదు. గురుత్వమనఁగా వస్తువుయొక్క మొదటి పతనమునకు హేతువైన గుణము. అది కంటికిఁ గానరాదు, చేతికిఁ దగులదు, పడుటనుబట్టి యూహింపవలసినదే. తొడిమ వీడిన పండు పడును, కడవ వంచిన నీరు పడును. గాలి పడుట నెవ్వరును జూడలేదు. అది యడ్డముగా వీచును. కావున దానికి గురుత్వము లేదనిరి. వైయాకరణుల తెగలోనివాఁడనగుటచే నొక్కమాట చేర్చెదను. ఉణాదులలో మొదటి సూత్రముననే వాయుశబ్దము నిష్పన్నమగుచున్నది. దాని ధాతువునకు గతియు గంధనమును అర్థములు. శబ్దముకూడఁ గదలికనే చెప్పుచున్నది గాని భారమును జెప్పుట లేదు. శబ్దమునుబట్టి వస్తుతత్త్వమును నిర్ణయింపరాదని యెఱిఁగియే యీ మాట వ్రాసితిని.

ఆ యనుమానమునందలి చిక్కు తర్కములో లేదు, మనము నిలిచియున్న చోటులో నున్నది. నూతిలోఁ గడవ ముంచి త్రాడు లాగువారెల్ల నెఱుఁగుదురు: కడవ నీటిలో నున్నంతసేపు అందలి నీటి బరువు చేతికిఁ దెలియదు, కడవ నీటిని వీడి పైకి వచ్చినప్పుడు గదా భుజము లాగుట! నీటిలోనుండి నీటిని దూఁచినవానికి బరువు తోఁపదు. మనమును అట్లే గాలిలో మునిఁగియుండి గాలిని దూఁచుచున్నాము. గ్రీకుదేశమున అరిస్టాటిలు గాలి నింపిన తిత్తి వట్టి తిత్తికంటె బరువనెను. తరువాత టాలెమీ తేలికయనెను. ఆఱవ శతాబ్దమున సింప్లీషియసు తాను దూఁచి రెండును సమానమే యనెను. మెత్తని తిత్తిని ఊరక ఊదినమాత్రమున లోని గాలి బిగియదు. ఎంత గాలి లోనికిఁ బోయినదో, వెలుపలి గాలి తిత్తి నంతగాఁ బైకి మోయును. సింప్లీషియసు త్రాసు సత్యమునే చెప్పినది, కాని యది చెప్పినది గాలికి బరువు లేదని కాదు. ఇట్టి తూనికకు గాలినుండి వెలికి రావలెను, కాదేని గాలిలేని తావు నొకదానిని గల్పింపవలెను. ఈ రెండవ పని పదునేడవ శతాబ్దమున ఇటలీదేశమున జరిగినది.

దానికి మూలము నీళ్లు తోడు పంపు. పంపులోని ముషలమును బైకి లాగినచో నీరు దానిని వెంబడించి పైకి వచ్చును. ప్రకృతి శూన్యమును సహింపదు, కావున నీరు పరుగెత్తి యా తావును నింపుచున్నదని యానాఁటి విద్వాంసుల సిద్ధాంతము. 1638లోఁ బ్రకటితమైన తన గ్రంథమున గెలీలియో యొక వింత సంగతిని జెప్పెను. ఎంత మంచి పంపైనను నీటిని వారి మూరతో 18 మూరలకు, అనఁగా ఇంచుమించు 34 అడుగులకు మించి యెత్తదఁట. పదునెనిమిది మూరల యీవల శూన్యమును సహింపని ప్రకృతి యావల నేల సహించును? పొడుగాటి త్రాడు తన బరువుననే తెగునట్లు నీటిస్తంభము తన బరువుననే తెగుచున్నదని గెలీలియో సమాధానము. ఆయనయే యా గ్రంథమున గాలిని దూఁచిన విధమునుగూడ వ్రాసెను. గాజుబుడ్డిలోనికి గాలిని బలవంతముగాఁ గూరి, తూఁచి, మరల విడిచి తూఁచి, నీరు గాలికంటె 400 రెట్లు బరువని తేల్చెను. నిజమునకు 800 రెట్ల ప్రాంతము. లెక్క సగమైనను మార్గము సరియైనదే. గాలికి బరువు గలదని త్రాసుతోఁ గనుఁగొన్నవాఁడే పంపుకడకు వచ్చునప్పటికి త్రాటిని దృష్టాంతముగాఁ దెచ్చుట యాశ్చర్యముగా నున్నది. జెనోవా నగరపు బలియానీ 1630లోనే, నీటి నెత్తునది పైనున్న గాలి బరువు కావచ్చునని యాయనకు జాబు వ్రాసియుండెను.

గెలీలియోకుఁ గడపటి శిష్యుఁడైన టారిచెల్లి నీటికి మాఱుగాఁ బాదరసమును దీసికొనెను. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. 34 అడుగుల గొట్టముతోఁ బనిలేదు, రెండు మూరల గాజుగొట్టము చాలును. ఒక కొన మూసిన గొట్టమును బాదరసముతో నింపి, వ్రేలితో మూసి, పాదరసపుఁ బాత్రలోఁ దలక్రిందుగా నిలిపి వ్రేలు తీయఁగా, స్తంభము కొంత దిగి ఇంచుమించు 76 సెంటీమీటర్ల యెత్తున నిలిచెను. ఆ పని 1644లో వివియానీ చేతులమీఁదుగా జరిగినది. పాత్రలోని పాదరసముమీఁద గాలి మోపిన బరువే స్తంభమును నిలుపుచున్నదనియు, మనమందఱము గాలిసముద్రపు టడుగున వసించుచున్నామనియు, ఆ యేఁట జూన్ 11వ తేదిని టారిచెల్లి రోమునగరమందలి మిత్రుఁడు రిచ్చీకి వ్రాసెను. ఇందు నాకు మిక్కిలి నచ్చినది వేఱొక సంగతి. ఆయన రెండు గొట్టములు నిలిపెను. ఒకదాని తలకుఁ బెద్ద బుడ్డి గలదు, రెండవది సన్నగొట్టమే. స్తంభమును లాగి నిలుపునది లోపలి శూన్యమే యగునేని, పెద్ద శూన్యము గలచోట పాదరస మెక్కువ యెత్తున నిలువవలెను. రెండింటను ఎత్తు సమానమే యయ్యెను. కావున నిలుపు శక్తి లోపల లేదు, వెలుపల నున్నది. పూర్వపక్షమునకు దాని నోటితోనే సమాధానము చెప్పించుట యన నిదియే. టారిచెల్లి 1647లో ముప్పదితొమ్మిదవ యేఁటనే మరణించెను.

వెలుపలనున్నది గాలి బరువేయని చూపుటకు మఱియొక మెట్టు మిగిలినది. గాలి తగ్గినచోట స్తంభము తగ్గవలెను. అన్వయవ్యతిరేకములు రెండును జూపినఁగాని కార్యకారణభావము నిలువదని మన నైయాయికు లెఱుఁగుదురు; ఫ్రాన్సు దేశమున పాస్కలును ఎఱుఁగును. ఆయన తానుగాఁ గొండ యెక్కఁదగిన దేహస్థితి గలవాఁడు గాఁడు. 1647 నవంబరులో, క్లెర్మోఁ పట్టణమున న్యాయస్థానోద్యోగియైన తన బావగారు పెరియేకు జాబు వ్రాసి, ఆ యూరి సమీపమునఁ గల ప్యుయ్ ద దోమ్ పర్వతముమీఁద నీ పరీక్ష చేయుఁడని కోరెను. ఈ యూహ తనదేయని డెకార్టు తరువాత వాదించెను. ఆ తగవు మనకు వలదు. ఉద్యోగపు పనులచేతను కొండమీఁది మంచుచేతను పదినెలలు గడచినవి.

1648 సెప్టెంబరు 19వ తేది యుదయమున పెరియే, పట్టణమందలి మతాచార్యులు, గృహస్థులు కొందఱును ఊరిలోఁ బల్లమైన యొక సన్న్యాసిమఠపు తోఁటలోఁ జేరిరి. రెండు గొట్టములు పాదరసముతో నింపి ప్రక్కప్రక్కన నిలిపిరి. రెండింటను స్తంభము ఫ్రెంచి కొలతకు 26 అంగుళముల మూడున్నర గీఁతల యెత్తున నిలిచెను. ఆ కొలతలో అంగుళమునకుఁ బండ్రెండు గీఁతలు. ఒక గొట్టమును గదల్పక యచ్చటనే యుంచి, సాయంకాలమువఱకు చూచుచుండుటకు షాస్తెఁ అను సన్న్యాసిని గూర్చుండఁబెట్టిరి. రెండవ దానితోఁ గొండ యెక్కిరి. అక్కడికి సుమారు వేయి మీటర్ల యెత్తుననున్న శిఖరముమీఁద స్తంభము 23 అంగుళముల 2 గీఁతలకు దిగెను. మూఁడంగుళములకుఁ బైగాఁ దగ్గుటచూచి వారు తమ కన్నులనే నమ్మలేక, శిఖరమున నైదు తావులలో మరలమరల పరీక్షించిరి: అక్కడి చిన్న గుడిలోపల, బయట, గాలి తగులుచోట, తగులనిచోట, మంచు కమ్మినప్పుడు, వీడినప్పుడు. ఎక్కడఁ జూచినను అంతియే. దిగునప్పుడు నడికొండయందు 25 అంగుళములు. తోఁటకు వచ్చి మరల నింపి చూడఁగా ఉదయమున నున్న మూడున్నర గీఁతలే. షాస్తెఁ చూచుచున్న గొట్టము దినమెల్లఁ గదలలేదు.

ఆ సన్న్యాసి కూర్చున్న తోఁటయే యీ పరీక్షకుఁ బ్రాణమని నా తలంపు. ఆ రెండవ గొట్టమే లేకున్నచో, ఆ దినమున గాలి స్థితియే మాఱినదేమో, ఎండవలనఁ బాదరసము మాఱినదేమో యని యాక్షేపింప వీలుండెడిది. మన గ్రంథములలో ఉపాధిశంకను దీర్చుట యని దేనిని జెప్పుదురో దానిని షాస్తెఁ దినమంతయుఁ గూర్చుండి తీర్చెను.

తరువాతి చరిత్ర వేగముగాఁ జెప్పవచ్చును. మాగ్డెబర్గు నగరపు గేరికె 1657లో రెండు రాగి యర్ధగోళములను జేర్చి లోని గాలిని దీసివేయఁగా, ఇరువైపుల నెనిమిదేసి గుఱ్ఱములు లాగియు వానిని మిక్కిలి కష్టముమీఁదఁ గాని విడఁదీయలేకపోయినవి. బాయిలు 1662లో ఒత్తిడి యినుమడించినచో గాలి పరిమాణము సగమగునని చూపెను. 1686లో హాలీ యీ రెండు విషయములను జోడించి, పాదరసపు టెత్తునుబట్టి కొండయెత్తు గణించు విధమును వ్రాసెను. అఱచేయి నూఱు చదరపు సెంటీమీటర్లనుకొన్నచో దానిమీఁద నూఱు కిలోల గాలి మోపియున్నది. క్రిందినుండియు నంతియే యొత్తుచున్నది కావునఁ జేయి క్రుంగదు.

త్రాసు చేసిన యుపకారము ఇంతటితో ముగియలేదు; గాలి యేకద్రవ్యము కాదను సంగతియు దానివలననే పూర్తిగా వెల్లడియైనది. 1750 తరువాత బ్లాకు బొగ్గుపులుసు గాలిని, 1772లో రూథర్‌ఫర్డు నత్రజనిని, 1774 ప్రాంతమున ప్రీస్ట్లీ, షీలేలు వేర్వేఱుగాఁ బ్రాణవాయువును గుర్తించిరి. లవోసియే యీ చివరిదానికిఁ బెట్టిన పేరును మనవారు ఆమ్లజని యని తెనిఁగించిరి. ఆమ్లములన్నింటికిని ఇదియే జనకమని యాతఁడు తలంచెను. 1810లో డేవీ యుప్పునుండి తీయు ఆమ్లములో నిది లేదని చూపెను. యోగార్థము పోయినది, రూఢి నిలిచినది. పంకజశబ్దమున రెండును గలవు. ఇందు రూఢి యొక్కటియే.

1785లోఁ గావెండిషు, గాలిలోని నత్రజని నంతయు విద్యుత్కణములచేఁ గరఁగించి చూడఁగా, నూటయిరువదవ వంతునకు మించని యొక చిన్నబుడగ మాత్రము కరఁగక మిగిలినది. ఆయన దానిని వ్రాసియుంచెను. లోకము నూఱేండ్లు దానిని జదువలేదు. 1892 మొదలుకొని చేసిన తూనికలలో రాలే ప్రభువు గాలినుండి తీసిన నత్రజని లీటరు 1.257 గ్రాములును, రసాయనద్రవ్యములనుండి తీసిన నత్రజని 1.2505 గ్రాములును దూఁగుటఁ జూచెను. రెండువందలలో నొకవంతు భేదము! ఇతరులైనచో పరీక్షాదోషమని త్రోసివేసియుందురు. ఆయనయు రామ్సేయును విడువక వెదకి, 1894లో దేనితోడను గలియని క్రొత్త వాయువును బట్టుకొని, సోమరియను నర్థము గల గ్రీకుపదముతో ఆర్గాను అని పేరుపెట్టిరి. తేమ తీసిన గాలిలో నత్రజని నూటికి 78.08, ఆమ్లజని 20.95, ఆర్గాను 0.93 పాళ్లు. బొగ్గుపులుసు గాలి 0.04, ఇది యొక్కటి కాలముతో మాఱుచున్నది. యంత్రయుగమునకుఁ బూర్వము పదిలక్షలకు 280 పాళ్లుండఁగా, 2024లో 420కి మించినది.

హీలియము పదిలక్షలకు అయిదు పాళ్లే కాని, దాని కథ మన దేశమును దాఁకినది. 1868 ఆగస్టు 18వ తేదినాఁటి సంపూర్ణసూర్యగ్రహణమును ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెను గుంటూరునందును, మదరాసు వేధశాలాధికారి పాగ్సను మచిలీపట్టణమందును జూచిరి. సూర్యుని యంచున లేచు జ్వాలల వెలుఁగులోఁ గానవచ్చిన పసుపుపచ్చగీఁత సోడియమునది కాదని యా తరువాత ఇంగ్లండున లాకియరు నిర్ణయించెను. గుంటూరిలో హీలియము కనుఁగొనఁబడినదని మనవారు వ్రాయుట యత్యుక్తి. అందఱు చూచిన గీఁత యది, అర్థము తరువాతఁ దెలిసినది. భూమిమీఁద దానిని రామ్సే 1895లో నొక ఖనిజమునందుఁ బట్టెను.

ఇఁక గాలి యెంత యెత్తువఱకుఁ గలదను ప్రశ్న. బరువు గలదనఁగానే యిది పుట్టును. గాలి యంతయు నేలమీఁది సాంద్రతతోనే యుండినచో ఎనిమిది కిలోమీటర్లకే ముగియవలసినది. కాని యది దూదిబస్తాల దొంతివంటిది. అడుగు బస్తా పైవాని బరువునకు అణఁగును, పైబస్తా యుబ్బియుండును. అందుచే గాలిలో సగము తూనిక 5.5 కిలోమీటర్లలోపలనే యున్నను, మిగిలిన సగము పలుచనై పలుచనై వందలకొలది కిలోమీటర్లు వ్యాపించినది. దానికిఁ బైకప్పు లేదు.

ఇక్కడ మన భాస్కరాచార్యుఁడు స్మరణీయుఁడు. 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు భూవాయువు భూమికిఁ బన్నెండు యోజనములవఱకుఁ గలదనియు, మేఘవిద్యుదాదులు దానియందే యనియుఁ జెప్పెను. ఆయన మతమున భూపరిధి 4967 యోజనములు. పరిధి 40,000 కిలోమీటర్లు గదా, యోజన మెనిమిది కిలోమీటర్లగును, పన్నెండు యోజనములు తొంబదియేడు. అంతరిక్షము మొదలగునని నేఁడు వ్యవహారమునకుఁ బెట్టుకొన్న హద్దు నూఱు కిలోమీటర్లు. ఇది చూచి పొంగిపోవువా రున్నారు. శ్లోకమున సంఖ్యయే గాని హేతువు చెప్పఁబడలేదు. నూఱు కిలోమీటర్ల హద్దు మనుష్యులు పెట్టుకొన్నదే గాని గాలి యక్కడఁ దెగదు. అదే కాలమునకుఁ గొంచెము ముందు, పదునొకండవ శతాబ్దమున, అందలూసియాలో ఇబ్ను ముఆజ్ సంధ్యాకాంతినుండి గణించి ఇంచుమించు 52 మైళ్లని చెప్పెను. ఆయన హేతువును జూపెను. భాస్కరుని సంఖ్య యోగ్యమైనదనుట న్యాయము. అంతకు మించి యనుట భక్తి.

పొరల సంగతి మనుష్యులు పైకి పోయినఁగాని తెలియలేదు. 1804లో గేలుసాకు బెలూనునఁ 7000 మీటర్లు ఎగిరి గాలి తెచ్చి పరీక్షించి, పాళ్లు నేలమీఁదివలెనే యున్నవనెను. 1862లో గ్లేషరు అంతకంటెఁ బైకిఁ బోయి మూర్ఛిల్లఁగా, చేతులు కొంకర్లుపోయిన కాక్స్‌వెల్లు పండ్లతోఁ ద్రాడు లాగి బెలూనును దింపెను. 1875లో జెనిత్తను బెలూను దిగునప్పటికి ముగ్గురిలో నిద్దఱు మృతులై యుండిరి. అటుపిమ్మట యంత్రములనే పంపసాగిరి. ఫ్రాన్సున తెసెరెఁ ద బోరు రెండువందలకుఁ బైగా బెలూనులు పంపి, పదునొకండు కిలోమీటర్ల ప్రాంతమున చలి పెరుగుట నిలిచిపోవుటఁ జూచెను. ఎండ తగిలి యంత్రము వేఁడెక్కుచున్నదేమో యని శంకించి రాత్రులందును బంపెను, ఫల మొక్కటియే. 1902లో దానిని వెల్లడించెను. క్రిందిది ట్రోపోఆవరణము, పైది స్ట్రాటోఆవరణము. యవనలాటిను పదములకు సంస్కృతమును దగిలించిన యీ వైరిసమాసములు నా చెవికి ములుకులవలె నున్నవి. వాడుకపడినవి కావున వాడితిని. మనవంటి ఉష్ణదేశములందు ఆ హద్దు పదునాఱు పదునేడు కిలోమీటర్ల యెత్తున నుండును. స్ట్రాటోఆవరణమున ఓజోను సూర్యునివేఁడిని గ్రహించుటచేఁ బైకి పోయినకొలఁది వెచ్చన. ఏఁబది కిలోమీటర్లు దాఁటి మీసోఆవరణమున మరలఁ జలి. ఎనుబదియైదు దాఁటినపిమ్మట మరల వేఁడి. తిరుపతి సమీపమున గాదంకియందలి రాడారు ఈ యెత్తులలోని గాలుల కదలికలను గొలుచుచున్నది.

సప్తవాయువులు ఇవియే యనువారికి నా ప్రశ్న యొక్కటి. ఆవహము, ప్రవహము, ఉద్వహము, సంవహము, సువహము, పరివహము, పరావహము అని భాస్కరుఁడు చెప్పినవానిలో ప్రవహము నక్షత్రగ్రహమండలమును బడమటికిఁ ద్రిప్పు వాయువు. అది చంద్రునికి సైతము ఆవలివఱకు వ్యాపించినది. భూమి తిరుగుచున్నదని యంగీకరించినవారికి దానితోఁ బనియే లేదు. ఓజోనుపొరను దానితో నెట్లు ముడివేయుట? మాటకు మాట పొసఁగినమాత్రమున వస్తువునకు వస్తువు పొసఁగదు.

ఇంతకును తర్కసంగ్రహము చెప్పువారు బాలునకేమి చెప్పవలెను? గురుత్వలక్షణమును మార్చవలసిన పనిలేదు. చలిరాత్రులందు కొండవాలుల చల్లగాలి లోయకు దిగుచున్నది, అదియు పతనమే. లక్షణము నిలిచినది, లక్ష్యము పెరిఁగినది. ఐతే గడుసువాఁడైన విద్యార్థి యొక పూర్వపక్షము చేయవచ్చును. సువర్ణము తైజసమనియు, దాని బరువు అందుఁ గలసిన పార్థివభాగముదేయనియు శాస్త్రమే చెప్పినది గదా. అట్లే గాలి బరువు అందలి ధూళిదియు నీటియావిరిదియు నేల కాఁగూడదు? రాలే తూఁచిన వాయువు ధూళి వడఁబోసి, తేమ పీల్చి పరిశుద్ధము చేసినది. అదియు లీటరునకు ఒకటింబావు గ్రాములకు దగ్గఱగాఁ దూఁగినది. అంతేకాదు: సమానమైన ఒత్తిడి, సమానమైన వేఁడి గల రెండు గాలులలో నీటియావిరి గలిసిన గాలి పొడిగాలికంటె బరువు కాదు, తేలిక.